ముందు వెనక మూత విప్పండి

ల్యాప్‌టాప్ నెమ్మదించిందని కొత్తది కొనడానికి సిద్ధపడే వాళ్లు ఈ దీవుల్లో ఎదురైతే నాకు మనసొప్పదు. ముందు ఒక ఎస్‌ఎస్‌డీ వేసి చూడమని పట్టుబడతాను. విశాఖలోనో చెన్నైలోనో ఓడెక్కితే మూడో రోజుకు గాని పోర్ట్‌బ్లెయిర్ రేవు కనిపించదు. (2024లో ఊరి పేరు శ్రీ విజయపురంగా మారింది. నా నోటికి ఇంకా పాత పేరే వస్తుంది.) ఇక్కడ వాడే యంత్రం ఏదైనా సముద్రం దాటి వచ్చిందే. పాడైతే మళ్లీ సముద్రం దాటి పోవాలి, లేకపోతే ఈ నేల మీదే పడి ఉండాలి. 2022లో ప్రపంచంలో 6.2 కోట్ల టన్నుల ఎలక్ట్రానిక్ చెత్త పోగుపడిందనీ, అందులో పద్ధతిగా సేకరించి శుద్ధి చేసింది నాలుగో వంతు కూడా లేదనీ ఐక్యరాజ్యసమితి లెక్క. చిన్న దీవిలో ఉండేవాడికి ఆ లెక్క గుండెకు తగులుతుంది.

ఇంతకీ ఆ యంత్రానికి వచ్చిన జబ్బేమిటి? పదేళ్ల నాటి ప్రాసెసర్ పిల్లల పాఠాలకీ, దుకాణం లెక్కలకీ ఇప్పటికీ చాలు. వెనక్కి లాగేది లోపల తిరిగే హార్డ్‌డిస్కు. నిమిషానికి 5,400 చుట్లు తిరిగే పళ్లెం మీద, గ్రామఫోను ముల్లులా, హెడ్ అటూ ఇటూ కదులుతూ సమాచారం వెతుకుతుంది. ఒక్కో వెతుకులాటకు పది పదిహేను మిల్లీసెకన్లు పడుతుంది. విండోస్ లేచేటప్పుడు అలాంటివి వేలకొద్దీ. ఎస్‌ఎస్‌డీలో కదిలే భాగమే లేదు, అంతా చిప్పులే. మిల్లీసెకనులో పదోవంతుకు అటూ ఇటూగా జవాబిస్తుంది. పైగా ఓడ కుదుపుకు బెదరదు.

సరిపోయేది ఎంచుకోవడంలోనే ఉంది అసలు పని. విశాఖలో తప్పు సరుకు కొంటే సాయంత్రం వెళ్లి మార్చుకోవచ్చు. ఇక్కడ ఆ వీలు లేదు. మా వీధిలో కాలేజీ చదివే అమ్మాయి అడిగింది: "పెదనాన్నా, ఎన్‌వీఎంఈ అయితే ఇంకా స్పీడంట కదా, అదే తెప్పించీనా?"

"ముందు మూత విప్పి ఫొటో తియ్యమ్మా" అన్నాను.

మూత కింద రెండున్నర అంగుళాల డిస్కు ఒక్కటే ఉంటే చిక్కు లేదు. అదే కొలతలో సాటా ఎస్‌ఎస్‌డీ కొనాలి. మందం చూసుకోవాలి. ఇప్పుడు దొరికేవి ఎక్కువగా 7 మిల్లీమీటర్లవి. పాత గూడు 9.5 మిల్లీమీటర్లదైతే సందులో చిన్న ప్లాస్టిక్ చట్రం పెడితే కదలదు. చిక్కంతా ఎం.2 స్లాటుతోనే. చూడడానికి అన్నీ ఒకేలా ఉంటాయి, కానీ కొన్ని స్లాట్లు సాటా మాత్రమే తీసుకుంటాయి, కొన్ని ఎన్‌వీఎంఈ మాత్రమే. కొన్నింటిలో వైఫై కార్డు తప్ప ఏదీ పనిచేయదు. పొడవు కూడా కుదరాలి: 2280 అంటే 22 మిల్లీమీటర్ల వెడల్పు, 80 మిల్లీమీటర్ల పొడవు. 2242కి చేసిన గూట్లో అది పట్టదు. అన్నీ కుదిరినా, పాత బయాస్‌కు ఎన్‌వీఎంఈ నుంచి బూట్ కావడం తెలియకపోవచ్చు. అందుకే మోడల్ నంబరు పట్టుకుని కంపెనీ సర్వీస్ మాన్యువల్ చూడకుండా డబ్బు కట్టొద్దంటాను.

ఆ అమ్మాయి ల్యాప్‌టాప్‌లో ఉన్నది పాత సాటా గూడే. సెకనుకు 550 మెగాబైట్ల దగ్గర ఆగిపోతుందని చిన్నబుచ్చుకుంది. హార్డ్‌డిస్కు ఇచ్చేది అందులో అయిదో వంతు అని చెప్పాను. అసలు తేడా ఆ వెతుకులాట పోవడంలో ఉందనీ చెప్పాను.

తెప్పించుకోవడం తేలిక. లిథియం బ్యాటరీ ఉన్న సరుకును విమానంలో పంపాలంటే సవాలక్ష నిబంధనలు. ఎస్‌ఎస్‌డీలో బ్యాటరీ ఉండదు గనుక స్పీడ్‌పోస్టు కవరులో వచ్చేస్తుంది. పాత డిస్కులోదంతా కొత్తదానిలోకి ఎక్కించే క్లోనింగ్ దగ్గర మాత్రం నిదానం కావాలి. ఇక్కడి కరెంటులో ఎక్కువ భాగం డీజిల్ జనరేటర్లది, మధ్యలో పోతే పాత ల్యాప్‌టాప్ బ్యాటరీ ఎలాగూ నిలబడదు. యూపీఎస్ ఉన్న చోట కూర్చోండి. ఏది మూలం, ఏది గమ్యం అని రెండుసార్లు చదివి నొక్కండి. తారుమారైతే ఖాళీ డిస్కు వచ్చి ఫొటోల మీద పడుతుంది. హార్డ్‌డిస్కు టిక్కుటిక్కుమంటుంటే క్లోనింగ్ మాట పక్కన పెట్టి ముందు ఫొటోలు, సర్టిఫికెట్లు కాపీ చేసుకోండి.

కొత్తగా ఇన్‌స్టాల్ చేయడమే నాకు ఇష్టం. శాటిలైట్ ఇంటర్నెట్ రోజుల్లో అందుకు కావలసిన నాలుగైదు జీబీల ఫైలు దించుకోవాలంటే గగనం. 2020 ఆగస్టు 10న చెన్నై నుంచి సుమారు 2,300 కిలోమీటర్ల సముద్రగర్భ కేబుల్ ప్రారంభమయ్యాక ఆ బాధ తగ్గింది. విండోస్ 10కి మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది, విండోస్ 11 ఇంత పాత ప్రాసెసర్లను ఒప్పుకోదు. ఆ అమ్మాయికి లైనక్స్ మింట్ వేశాం, తెలుగు కీబోర్డుతో సహా. ర్యామ్ నాలుగు జీబీలే ఉంది. రెండో స్లాటు ఖాళీ, డీడీఆర్3ఎల్ రకం. వచ్చే నెల దానికి చీటీ డబ్బు వస్తుందట.