గన్నవరము విమానాశ్రయము

రెండవ ప్రపంచయుద్ధకాలమున సైనికావసరములకై నిర్మింపబడి, యుద్ధానంతరము పౌరవిమానయానమునకు దక్కిన గన్నవరపు విమానాశ్రయము, చెంతనే విజయవాడవంటి మహత్తరమైన రైల్వే కూడలి యుండుటచేతను, అప్పటి రాజధానియైన హైదరాబాదు సమస్తమును తనవైపునకు ఆకర్షించుటచేతను, చిరకాలము తన శక్తికి తగిన ప్రసిద్ధిని పొందజాలకుండెను. 2003లో ఎయిర్ దక్కన్ వారి చిన్న విమానములు హైదరాబాదునుండి రాసాగిన పిదప గాని సామాన్యగృహస్థునకు ఆకాశయానము ఊహకు అందలేదు. 2014లో రాష్ట్రవిభజన జరిగి, చేరువనున్న అమరావతి ఆంధ్రప్రదేశమునకు నూతన రాజధాని కానుండుటతో ఈ విమానాశ్రయపు అదృష్టరేఖ మారినది. 2017 జనవరిలో నూతన టెర్మినలు, ఆ యేడే అంతర్జాతీయ ప్రతిపత్తి, 2018 డిసెంబరులో సింగపూరు విమానము!

ఐనను నా మనస్సు నిలుచునది ఆ రన్‌వేపైననే. 2,286 మీటర్లనుండి 3,360 మీటర్లకు అది సాగుటకై బుద్ధవరము, అజ్జంపూడి, కేసరపల్లి గ్రామముల రైతులు తరతరములుగా సేద్యము చేసికొనుచున్న భూములను వదలుకొని, బదులుగా ప్రభుత్వము అమరావతిలో ఇచ్చెదమన్న స్థలములను నమ్మిరి. 2019 తరువాత కొన్నియేండ్లు ఆ రాజధాని నిర్మాణమే స్తంభించిపోగా వారి నిరీక్షణ ఎంత దుర్భరమై యుండెనో నేలను నమ్మి బ్రదికినవారికే తెలియును. విదేశములనుండి మన బిడ్డలు దిగివచ్చు ఆ టెర్మినలు ద్వారముచెంత, ఆ గ్రామముల పేర్లు శిలాఫలకముపై చెక్కింపవలయునని నా ప్రగాఢమైన కోరిక.