చద్దర్ల ఊరికి డువే వచ్చింది

మా షోలాపూర్ పద్మశాలీల ఇళ్లల్లో కప్పుకునేవి కొనుక్కునే అలవాటు తక్కువ. చద్దర్ మగ్గం మీంచి దిగేది, బొంత ముసలివాళ్ల చేతుల్లోంచి వచ్చేది. తాతలు తెలంగాణ నుంచి బతుకుదెరువుకు ఇక్కడికి వచ్చినప్పటి నుంచీ మా ఇంట్లోనూ అంతే. అందుకే నిరుడు చలికాలం, పుణెలో ఉద్యోగం చేస్తున్న మా అమ్మాయి వాళ్ల నానమ్మకు డువే పంపితే ఇల్లంతా దాని చుట్టూ చేరింది.

పిల్ల పంపడానికి కారణం ఉంది. అత్తమ్మకు మోకాళ్ల నొప్పులు. రెండు చద్దర్లు కప్పితే ఆ బరువుకు పక్కకు తిరగలేరు, ఒక్కటి కప్పితే తెల్లారుజామున వణుకుతారు.

డువేను చేత్తో ఎత్తి చూసి, "ఇంత అల్కగుంటే చలి ఎట్లాగుతది బిడ్డా?" అన్నారు అత్తమ్మ.

వెచ్చదనం బరువులో ఉండదు, లోపల చిక్కుకున్న గాలిలో ఉంటుంది. ఒంటి వేడిని బయటికి పోనీయకుండా ఆపేది ఆ గాలే. డువేలో దూదో, ఈకలో, పాలియెస్టరో నింపి, ఒక మూలకు జారిపోకుండా గళ్లుగళ్లుగా కుడతారు. పాత చీరలు పొరలుగా పరిచి వరసగా కుట్లేసే మన బొంతలో ఉన్న కిటుకూ అదే.

అయినా మూడు రాత్రులు అత్తమ్మకు నిద్ర లేదు. కప్పుకుంటే చెమట, తీసేస్తే చలి. లోపలున్నది పాలియెస్టర్. నూలు చెమటను పీల్చుకున్నట్టు అది పీల్చుకోదు. పైగా మా ఊరి చలికి అంత మందం అక్కర్లేదు.

చివరికి కుదిరింది ఇది: ఒంటి మీద పల్చటి బొంత, కాళ్ల దగ్గర మడిచిపెట్టిన ఒక్క చద్దర్. చలేస్తే ఆమే పైకి లాక్కుంటారు, ఉక్కపోస్తే కిందికి తోసేస్తారు. ఎవర్నీ లేపే పని లేదు. డువే తిరిగి పుణె వెళ్లింది. ఏసీ గదిలో పడుకునే అమ్మాయికి అది హాయిగా ఉందట.

కొనేవాళ్లు మెత్తదనం ఒక్కటే చూడకండి. లోపల ఏం నింపారో చీటీ చదవండి. పైకవరు విడిగా తీసి ఉతకొచ్చో లేదో చూడండి. మంచం కన్నా వెడల్పుగా ఉండాలి, లేకపోతే పక్కలనుంచి చలిగాలి దూరుతుంది. పెద్దవాళ్ల కోసమైతే, వాళ్లే తమ చేత్తో లాక్కోగలరా అన్నది అన్నిటికన్నా ముందు చూడాలి.

ఇప్పుడు అమ్మాయి తనకూ ఒక బొంత కావాలంటోంది. మా ఇంట్లో ఆ కుట్టు వచ్చింది అత్తమ్మకొక్కరికే, ఆమెకేమో సూదిలో దారం కనపడటం లేదు. పెట్టెలోంచి పాత చీరలు తీశాం. ఆమె చెబుతున్నారు, నేను కుడుతున్నాను.