డ్రోన్‌కి ఏ ట్యాబ్ కొనాలంటే...

పెళ్లి వీడియోలు తీసే మా పిన్ని కొడుకు నుంచి మెసేజ్: "అన్నా, వైఫై ఐప్యాడ్ తక్కువలో వస్తోంది, డ్రోన్‌కి తీసేసుకోనా?"

వద్దురా నాయనా. వైఫై ఒక్కటే ఉన్న ఐప్యాడ్‌లో జీపీఎస్ ఉండదు, సిమ్ పడే మోడల్‌లోనే ఉంటుంది. డ్రోన్ జీపీఎస్ డ్రోన్‌కి ఉంటుంది, నిజమే. కానీ మ్యాప్‌లో నువ్వెక్కడ నిలబడ్డావో చెప్పాల్సింది చేతిలో ఉన్నదే కదా.

ఇంకోటి, వెలుగు. తడ నుంచి భీములవారిపాలెం పోయి, పులికాట్ గట్టున మిట్టమధ్యాహ్నం 500 నిట్స్ తెర పట్టుకో. మ్యాప్ బదులు నీ మొహమే కనబడుతుంది. కనీసం 1000 నిట్స్ ఉండాలి. అదైనా ఎండకు కాగిందంటే దానంతటదే మసకబారుతుంది, కాబట్టి నీడ కోసం హుడ్ తగిలించు. నన్నడిగితే ట్యాబ్ కన్నా మంచి ఫోనే మేలు. పెద్ద తెర మోజు వేరే సంగతి. మ్యాప్ మాత్రం ఇంట్లోనే డౌన్‌లోడ్ చేసుకో. సరస్సు గట్టున సిగ్నల్‌ని నమ్ముకోవద్దు.

అసలు సంగతి వేరే ఉంది. పులికాట్ సరస్సుకు అవతల శ్రీహరికోట, సరస్సేమో పక్షుల అభయారణ్యం. 2021 డ్రోన్ రూల్స్ ప్రకారం గ్రీన్ జోన్‌లో 400 అడుగుల దాకా అనుమతి అక్కర్లేదు. రెడ్ జోన్ అయితే కేంద్రం అనుమతి ఉండాల్సిందే. అభయారణ్యంలోనైతే అటవీశాఖను కూడా అడగాలి. కొనకముందే ప్రభుత్వ డిజిటల్ స్కై మ్యాప్ తెరిచి మండపం ఏ రంగులో ఉందో చూసుకో.

ఇంతకీ పెళ్లి సూళ్లూరుపేటలోనా, శ్రీకాళహస్తిలోనా? అది చెప్పు ముందు.