కోవళం కెరటాలతో ఒక ఏడాది

చెన్నై నుంచి ఈస్ట్ కోస్ట్ రోడ్డు మీద దక్షిణంగా దాదాపు 40 కిలోమీటర్లు వెళ్తే కోవళం వస్తుంది. ఇది కేరళ కోవళం కాదు, తమిళనాడులోని జాలరి పల్లె. ఇక్కడ నేను సర్ఫింగ్ మొదలుపెట్టి ఏడాదైంది. ఈ సెప్టెంబరులో మళ్లీ తెల్లవారేసరికి ఒడ్డున ఉన్నాను. ఇసుక మీద ఒకపక్క వలలు, పడవలు, మరోపక్క వరసగా బోర్డులు.

ఇక్కడి కోవ్‌లాంగ్ పాయింట్ సర్ఫింగ్ బడి 2012లో మొదలైంది. ఇదే ఊరి జాలరి కుటుంబంలో పుట్టిన మూర్తి మేగవన్ దాన్ని పెట్టారు. పారిశ్రామికవేత్త అరుణ్ వాసు అండగా నిలిచారు. చిన్నతనంలో మూర్తి చెక్క పలక మీద కెరటాలెక్కేవారు. ఆయన చూపిన దారిలో ఊరి కుర్రాళ్లు ఎందరో సర్ఫర్లయ్యారు, మాలాంటివాళ్లకు గురువులయ్యారు.

మొదటి నెలలు ఒడ్డు దగ్గరి నురగలోనే గడిచాయి. పొడవాటి మెత్తని ఫోమ్ బోర్డు, చీలమండకు కట్టిన తాడు. బోర్లా పడుకుని, రెండు అరచేతులూ ఆనించి, ఒక్క ఊపున కాళ్ల మీదికి లేవాలి. అది ఒంటికి పట్టాక నన్ను లోపలికి, ఇంకా విరగని కెరటాల దగ్గరికి తీసుకెళ్లారు. అసలు చదువు అక్కడ మొదలైంది.

కెరటం తన ఎత్తుకు సుమారు 1.3 రెట్లు లోతున్న చోటికి రాగానే విరుగుతుంది. అందుకే అడుగున ఇసుక మేట కాస్త జరిగినా అది విరిగే చోటు మారిపోతుంది. నైరుతి రుతుపవనాల రోజుల్లో పొద్దున్నే నేల మీంచి సముద్రం వైపు వీచే గాలి, కెరటం ముఖాన్ని నిటారుగా, నున్నగా నిలబెడుతుంది. మధ్యాహ్నం సముద్రపు గాలి తిరిగితే నీళ్లు చెదిరిపోతాయి. పాఠాలు తెల్లవారుజామున పెట్టేది అందుకే.

ఈసారి నీళ్లలో ఎదురుచూస్తుంటే పెద్ద కెరటం లేచింది. నేర్పే కుర్రాడు తమిళంలో అరిచాడు: "అక్కా, ఇది వద్దు, వెనకది చూడండి!" అప్పటికే నేను బోర్డు తిప్పడం ఆపేశాను. ఆ కెరటం ఒకేసారి మొత్తంగా కూలిపోతుందని దాని అంచు చూసి తెలిసింది. వెనకాల వచ్చినది ఒకవైపు నుంచి విరుగుతూ సాగింది. దాన్ని అందుకుని, ఏటవాలుగా జారుతూ ఒడ్డుదాకా వచ్చాను. ఏడాది శ్రమకు నాకు దక్కిన ఫలం ఈ చూపే. లేచి నిలబడటం కాళ్లకు కొన్ని వారాల్లో వచ్చింది. ఏది ఎక్కాలో, ఏది వదిలేయాలో కంటికి తెలియడానికి ఏడాది పట్టింది.

ఇక్కడికి కాస్త దూరంలోని మామల్లపురంలోనే, 2025 ఆసియా సర్ఫింగ్ చాంపియన్‌షిప్‌లో రమేశ్ బూదిహాళ్ కాంస్యం గెలిచారు. ఆ పోటీల్లో భారతీయులకు అదే తొలి వ్యక్తిగత పతకం. శ్రీకాకుళం నుంచి తిరుపతి జిల్లా దాకా మన తీరానికీ ఇదే బంగాళాఖాతం, ఇవే కెరటాలు. విశాఖ రుషికొండలో ఇప్పటికే సర్ఫింగ్ నేర్పుతున్నారు. కెరటాన్ని పుట్టుకతో ఎరిగిన మన గంగపుత్రుల పిల్లలే గురువులుగా ఊరూరా ఇలాంటి బడులు రావాలి. వాటిలో ఒకదానికి మళ్లీ శిష్యురాలిగా వెళ్లాలని నా కోరిక.