తీరము వెంట సేతుయాత్ర

సేతుయాత్ర మన తెలుగు ఇండ్లకు క్రొత్త కాదు. కాశినుండి గంగ తెచ్చి రామేశ్వరస్వామికి అభిషేకము చేయించుటయు, సేతువునందలి ఇసుకను గొనిపోయి గంగలో గలుపుటయు మన పెద్దలు జన్మసాఫల్యముగా నెంచిరి. నాడు నెలల తరబడి సాగిన యాత్రను నేడు మోటారుకారులో వారము దినములలో ముగింపవచ్చును. చెన్నపట్టణము మొదలు కన్యాకుమారి వఱకు తీరము ననుసరించి పోవు దారి గలదు.

అయితే వేగముతో పాటు ఒక చిక్కును వచ్చినది. బండి యున్నది గదా యని మగవారు దినమునకు ఏడెనిమిది క్షేత్రములు పట్టికలో వ్రాయుదురు. అట్లు తిరిగివచ్చిన అత్తగారిని ఏమి చూచితిరని యడిగిన, "గోపురములు చూచితినమ్మా" యని యూరకుండును. కావున యాత్ర పట్టికను గృహిణియే వ్రాయవలెనని నా మనవి. ఎవరి మోకాళ్లెట్టివో, ఎవరే వేళకు మందు పుచ్చుకొందురో, పసివాని కెప్పుడు ఆకలియగునో ఆమెకు దెలిసినట్లు మఱియొకరికి దెలియదు.

మొదట కాలము నిర్ణయింపవలెను. అక్టోబరు మొదలు డిసెంబరు వఱకు ఈ తీరమున ఈశాన్య ఋతుపవనము వలన వానలు మెండు. తుపానుల భయమును గలదు. బడికి సెలవులని వేసవిలో బోయినచో రాతి ప్రాకారములలో వట్టి పాదములు కాలును. సంక్రాంతి వెళ్లిన పిమ్మట మాఘ ఫాల్గుణములు మేలు.

పిదప ద్వారముల వేళలు. ఆ సీమయందలి పెక్కు ఆలయములు మధ్యాహ్నము పండ్రెండు, పండ్రెండున్నర గంటలకు మూసి మరల నాలుగు గంటలకు గాని తెఱవరు. కనుక ఉదయ మొక దర్శనము, మధ్యాహ్నము ప్రయాణము, సాయంకాల మొక దర్శనము అను నియమము పెట్టుకొన్నచో మూసిన తలుపుల యెదుట ఎండలో నిలువ బనిలేదు. బిడ్డలును బండిలోనే నిదురింతురు.

ఈ లెక్కకు ఆరు దినములు చాలును. తొలినాడు తెల్లవాఱగనే చెన్నపట్టణము విడిచి మహాబలిపురము చేరవలెను. పల్లవరాజగు రాజసింహుని కాలమునాటి కడలియొడ్డు కోవెల అచ్చట గలదు. అందు నిత్యపూజలు లేవు. దర్శనమునకు ఊరిలోని స్థలశయనపెరుమాళ్ల సన్నిధికి బోవలెను. రాత్రికి చిదంబరము చేరవచ్చును. మఱునాటి ఉదయము నటరాజస్వామి దర్శనము. ఆ ప్రాకారములోనే గోవిందరాజస్వామియు వెలసియున్నాడు. ఒకచోట నిలిచి శివకేశవుల నిరువురను జూడవచ్చును. ఆ సాయంకాలము తిరుక్కడయూరు. యమునినుండి మార్కండేయుని శివుడు కాచిన చోటని ప్రతీతి గలుగుటచే, షష్టిపూర్తి చేసికొను దంపతు లిచ్చటికి వత్తురు. మీ అత్తమామల కది తటస్థించిన యేడైనచో ముందుగానే వ్రాసి యేర్పాటు చేసికొనుడు.

మూడవనాడు పొడుగు ప్రయాణము. దారిలోని నాగపట్టణము 2004 డిసెంబరు 26వ తేదీ సునామీలో వేలకొలది ప్రాణములు గోల్పోయిన సీమ. దేవీపట్టణమున సముద్రములోనే నవగ్రహ శిలలు గలవు. శ్రీరాముడు ప్రతిష్ఠించెనని చెప్పుదురు. పిదప 1988లో తెఱచిన పాంబను రోడ్డు వంతెనమీదుగా రామేశ్వరద్వీపము చేరుదురు.

నాలుగవనాడంతయు రామేశ్వరమునకే యుంచుడు. సీతమ్మ ఇసుకతో జేసినదని చెప్పు రామలింగమును, హనుమంతుడు తెచ్చినదని చెప్పు విశ్వనాథలింగమును ఇచ్చటనే యున్నవి. తొలిపూజ హనుమంతుడు తెచ్చినదానికే. ఆలయములోని 22 తీర్థములలో స్నానమాడి, తడిబట్టలు మార్చి దర్శనమునకు బోవలెను. ప్రాకారము పొడుగు, నేల తడి. వృద్ధులు జాఱకుండ చేయి పట్టి నడిపింపవలెను. అన్ని తీర్థములు ఆడలేనివారు కొన్ని నీళ్లు శిరమున జల్లుకొన్న పుణ్యమునకు కొఱత లేదు. సాయంకాలము ప్రొద్దుండగనే ధనుష్కోటికి బోయి రావలెను. 1964 డిసెంబరు తుపానులో ఆ యూరంతయు గొట్టుకొనిపోయినది. ఒక రైలును ప్రయాణికులతో గూడ కడలి పాలైనది. నేటికిని మొండిగోడలు నిలిచియున్నవి.

అయిదవనాడు తిరుచ్చెందూరు, అలల యొడ్డుననే కుమారస్వామి కోవెల. ఆఱవనాడు కన్యాకుమారి. పెండ్లి కాకుండ తపమునందే నిలిచిన ఆ తల్లి ముక్కుపుడక కాంతికి ఓడలు దారి తప్పెనని యచ్చటివారి మాట. సమీపమున శుచీంద్రమున పురుషులు పైబట్ట విప్పి లోనికి బోవలెను, ఉత్తరీయము మఱువరాదు.

సామానులో తడి త్వరగా నాఱు నూలుచీరలు, మందులు, అటుకులు, వేయించిన సెనగలు ఉండవలెను. పులిహోర తొలినాటికే, ఆ యెండలో నిలువదు.

కడపటి మాట యొకటి. పెక్కు యాత్రలలో ఇంటిల్లిపాదియు దర్శనమునకు బోవ, గృహిణి చెప్పులను, సంచులను, పసిబిడ్డను గాచుచు వెలుపల గూర్చుండును. వారు వచ్చు సరికి తలుపులు మూయు వేళ యగును. ఆమె ఎవరితోడను అనదు. మనస్సునందు మాత్ర మా కొఱత యుండిపోవును. అందుచే పట్టికలో ప్రతి క్షేత్రము ప్రక్కను "సంచులయొద్ద నెవరు?" అని యొక గడి గీసి, ఒకచోట మామగారు, ఒకచోట భర్త, ఒకచోట ఎదిగిన కుమారుడు అని ముందే పేర్లు వ్రాయుడు. ఇంటి నుండి కదలక మున్నే ఆ కాగితమును అందఱి యెదుట చదివి వినిపింపుడు. యాత్ర చేసిన పుణ్యము పట్టిక వ్రాసిన యామెకును దక్కవలెను గదా!