నీలి చాదర్

ఇళ్ల నక్షాను బ్లూప్రింట్ అని ఎందుకంటారో సైనోటైప్ నేర్చుకున్నాకే నాకు తెలిసింది. పాతకాలం నక్షాలు నిజంగానే నీలంగా ఉండేవి, నీలం మీద తెల్లగీతలు. 1842లో జాన్ హెర్షెల్ కనిపెట్టిన పద్ధతి అది. మరుసటి ఏడే అన్నా అట్కిన్స్ అనే ఆమె బ్రిటన్ సముద్రపు నాచును ఇలాగే అచ్చుతీసి కితాబు మొదలుపెట్టింది. కెమెరా అక్కర్లేదు. రెండు ఇనుప లవణాలు, ధూప్, పానీ.

మా షేక్‌పేటలో ధూప్‌కేం కొదవ? ఫెర్రిక్ అమ్మోనియం సిట్రేట్, పొటాషియం ఫెర్రిసయనైడ్ వేర్వేరుగా నీళ్లలో కరిగించి, సమంగా కలిపి, ఇషా నమాజు అయ్యాక చీకటి గదిలో పాత నూలు చాదర్‌కు పూస్తాను. తెల్లారేసరికి ఆరుతుంది. నల్ల కవర్లో చుట్టి, ఫిల్మ్‌నగర్ వైపు ఇంకా మిగిలిన గుట్టరాళ్ల మీదికి పోతాను.

మొక్కను తెంపను. అది మొలిచిన చోటే కొమ్మ కిందికి చాదర్ తోస్తాను. మంచి ఎండైతే పది నిమిషాలు చాలు. గాలి వీస్తే ఆకు అంచు అలుక్కుపోతుంది. నాకు అదే ఇష్టం, గాలి కూడా అచ్చులో దిగిందని. తంగేడు మన రాష్ట్ర పుష్పమే గానీ పువ్వుకంటే దాని ఆకులే బాగా పడతాయి, జంటలు జంటలుగా. జిల్లేడాకు మందం, ఒట్టి తెల్లమచ్చ. ఎక్కడో అమెరికా ఖండం నుంచొచ్చిన పీడ వయ్యారిభామ మాత్రం అన్నిటికన్నా ఖూబ్‌సూరత్‌గా దిగుతుంది, ఏం చేస్తాం!

ఇంటికొచ్చి నల్లా కింద కడిగితే పసుపుపచ్చ పోయి నీలం తేలుతుంది. బట్టల సోడా తగలనివ్వకూడదు, నీలం చచ్చిపోతుంది.

మా ఇంట్లో గోడకు మనుషుల తస్వీర్లు పెట్టరు. అబ్బా ఫొటో కూడా బీరువాలోనే. మొదటి చాదర్ ఆరేసినరోజు అమ్మీ చాలాసేపు చూసింది.

"మనిషీ జంతువూ లేవు కదా బేటా, హాల్లో కట్టెయ్."

మొక్కకు జాన్ లేదా అని నేను బహస్ పెట్టుకోలేదు. అమ్మీయే దగ్గరికొచ్చి ఒక ఆకు మీద వేలు పెట్టింది.

"ఇది సీతాఫలం. సరాయి వెనక ఉండేటివి. మీ అబ్బా రూమాల్లో మూటగట్టి తెచ్చేవారు."

కుతుబ్‌షాహీల సరాయి ఉంది. వెనక ఆ చెట్లు లేవు. నేను అచ్చుతీసిన గుట్టనూ పోయిన నెల రేకులతో మూసేశారు. లోపల రాయి కొట్టే మిషన్ చప్పుడు. రేకుల మీద కట్టబోయే ఇళ్ల బొమ్మ, దాని చుట్టూ ఏ దేశానివో పామ్ చెట్లు.

ఎండకు ఈ నీలం వెలిసినా, కొన్నాళ్లు చీకట్లో ఉంచితే చాలావరకు తిరిగొస్తుందని అమ్మీకి చెప్పాను. ఏమనలేదు. సాయంత్రం చూస్తే హాల్లో పడమటి కిటికీకి మందపాటి పర్దా వేసి ఉంది.