నిమిషం పరీక్షకు దిక్కులేదు

గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ గురించి పల్లె ఆడవాళ్లకు ఏ మాత్రం తెలుసో చూసి రమ్మని ఎడిటర్ పంపితే, ఖమ్మం జిల్లాలో ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్లాను. డాక్టరుగారు రిజిస్టర్లు తెరిచారు. నా చూపు మాత్రం స్టాఫ్ నర్సు చేతుల మీదే నిలిచిపోయింది.

ఆమె పరీక్షకు వాడే స్పెక్యులమ్‌ను గోరువెచ్చని నీళ్లలో తిప్పి, వేడి సరిపోయిందో లేదో ముంజేతికి ఆనించి చూసుకుంది. "చల్లగా తగిలితే బిగుసుకుపోతారు సార్, మళ్లీ ఈ గడప తొక్కరు" అంది. వెనిగర్ వాసన కొట్టే ఎసిటిక్ ఆమ్లంలో దూది ముంచి తెర వెనక్కి వెళ్లింది. ముఖద్వారానికి అది అద్ది ఒక నిమిషం ఆగితే, తేడా ఉన్నచోట తెల్లమచ్చ తేలుతుంది. "ఊపిరి వదులమ్మా... అయిపోయింది" అన్న మాట ఇవతలికి వినపడింది.

బయట బెంచీ మీద మాటలు వేరు. "ముట్లాగి పదేండ్లాయె, నాకెందుకీ పరీక్ష?" అంటోంది ఓ పెద్దామె. ముట్లాగాక ఎరుపు కనిపిస్తే వెంటనే చూపించుకోవాలని ఆమెకు ఎవరూ చెప్పలేదు. నలభై దాటినామె తెల్లబట్టను వేడి కిందే జమకట్టి సబ్జా గింజలు తాగుతోంది. పాతికేళ్ల కోడలికి ఈ క్యాన్సర్ రాకుండా వేసే హెచ్‌పీవీ టీకా సంగతి ఫోన్లో చూసి తెలుసు. "పెండ్లిగాని పిల్లకు అదేం సూది అంటది మా అత్త" అని నవ్వింది. అత్తను తప్పుపట్టలేం. 2009లో ఒక ప్రాజెక్టు కింద ఈ జిల్లా బాలికలకు ఆ టీకా వేశారు. కొందరు చనిపోవడంతో 2010లో దాన్ని ఆపేశారు. మరణాలకు టీకాయే కారణమని తేలలేదు. కానీ తల్లిదండ్రుల బదులు హాస్టల్ వార్డెన్లు సంతకాలు పెట్టిన సంగతి బయటపడ్డాక నమ్మకం ఏం మిగులుతుంది?

ముప్పై అయిదేళ్ల కూలి తల్లి మాటకు మాత్రం ఒళ్లు మండింది. "క్యాన్సరయితదని గర్భసంచి తీసేసిన్రు సార్." ఏ పరీక్ష చేశారమ్మా అంటే, "స్కానింగ్" అంది. ముఖద్వారంలో క్యాన్సర్ ముందు దశ స్కానింగ్‌కు దొరకదు!

గర్భసంచి ఆపరేషన్లలో దేశంలో ముందు వరసలో ఉన్నవి మన రెండు తెలుగు రాష్ట్రాలే. 30 నుంచి 65 ఏళ్ల ఆడవాళ్లకు అయిదేళ్లకోసారి ముఖద్వార క్యాన్సర్ పరీక్ష చేయాలని కేంద్రం 2016లోనే చెప్పింది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి, 30-49 ఏళ్లవాళ్లలో ఒక్కసారైనా చేయించుకున్నది దేశం మొత్తమ్మీద నూటికి ఇద్దరు కూడా లేరు. కోతకున్న తొందర పరీక్షకు లేదు. ఆడవాళ్లకు అవగాహన లేదని రాసేయడం తేలిక. ఆ కూలి తల్లికి క్యాన్సర్ భయం బాగానే తెలుసు, ఆ భయాన్నే ఎవరో సొమ్ము చేసుకున్నారు.

ఈ పరీక్ష గది తెరిచేది వారానికి ఒక్కరోజే. మిగతా రోజులు నర్సుకు కాన్పులు, టీకాలు, ఆన్‌లైన్ ఎంట్రీలు. ఇంకో నర్సును వేసి ఈ గదిని రోజూ తెరిచి ఉంచమనండి. సదస్సులు, ర్యాలీలు ఆ తర్వాత పెట్టుకోవచ్చు.